బందరులో శరత్తు

మచిలీపట్నం రేవు పట్టణం. అయినా కోనేరు సెంటర్లో నిలబడ్డ మనిషికి సముద్రం కనిపించదు, వినిపించదు. అల చూడాలంటే మంగినపూడి దాకా సుమారు 11 కిలోమీటర్లు పోవాలి. దారి పొడుగునా ఉప్పునేలలు, రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు. రైలు టిక్కెట్ల మీద మచిలీపట్నం అని ఉన్నా చుట్టుపక్కల ఊళ్లవాళ్ల నోట ఇది బందరే. ఫారసీలో బందరంటే రేవు. పేరులోనే రేవును పెట్టుకున్న ఊరు సముద్రానికి ఇంత ఎడంగా ఉండటం కొత్తవాళ్లకు వింతగా తోస్తుంది. ఆ ఎడం విలువ ఊరివాళ్లకు తెలుసు. ఏడాదిలో ఆశ్వయుజం, కార్తీకం అనే రెండు నెలలు దాన్ని మరిచిపోనివ్వవు.

ముందుగా ఇక్కడి సముద్రం తీరు చెప్పుకోవాలి. దీనికి లోతు తక్కువ. కృష్ణ వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు ఒడ్డు నుంచి చాలా దూరం వరకు పళ్లెంలా పరుచుకుని ఉంది. మంగినపూడిలో కాలు పెడితే పాదానికి అంటేది నల్లమట్టి. ఈ ఒక్క సంగతి తెలిస్తే బందరు కథ సగం తెలిసినట్టే. పూర్వం ఓడలు దరికి రాలేక మైళ్ల దూరంలో లంగరు వేసేవి. అక్కడి నుంచి సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చడానికి మసూలా పడవలుండేవి. వాటి పలకలను మేకులతో బిగించేవారు కాదు, కొబ్బరి నారతో కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు మేకుల పడవ పగులుతుంది, కుట్టిన పడవ ఒంగి ఊరుకుంటుంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు, తరవాత ఫ్రెంచివాళ్లు ఇక్కడ వర్తకానికి కొట్లు పెట్టుకున్నది ఈ పడవల్ని నమ్ముకునే. ఓడలు పెద్దవైనకొద్దీ రేవు చిన్నదైపోయింది. 2023లో పనులు మొదలైన కొత్త ఓడరేవుకు కూడా ముందు చెయ్యాల్సింది సముద్రపు అడుగును తవ్వి ఓడలకు దారి చెయ్యడమే.

ఈ లోతులేనితనం మరో రెండు పనులు చేస్తుంది. స్నానానికి దిగినవాళ్లు ఒడ్డు నుంచి చాలా దూరం వరకు నడుము లోతు నీళ్లలోనే నడవగలుగుతారు. తుఫాను వచ్చినప్పుడు మాత్రం గాలి తోసుకొచ్చిన నీరు కిందికి పోయే దారిలేక పైకి లేస్తుంది. దాన్నే తీరంవాళ్లు ఉప్పెన అంటారు. తీర్థానికి అనువైన సముద్రం, ఉప్పెనకు అనువైన సముద్రం ఇక్కడ ఒక్కటే. రెండింటి కాలమూ ఒక్కటే. బందరు శరత్తు గురించి చెప్పదగ్గ మాటలన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

పంచాంగంలో శరదృతువంటే ఆశ్వయుజ కార్తీకాలు. కావ్యాల్లో అది తేటపడ్డ ఆకాశం, పిండారబోసినట్టున్న వెన్నెల. నన్నయ భారత రచన శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గరే ఆగిందని తెలుగు చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. కృష్ణా జిల్లా తీరంలో శరత్తు అంత తేటగా ఉండదు. నైరుతి రుతుపవనం వెనుదిరిగి ఈశాన్యం అందుకునే సంధికాలం ఇది. వేసవిలో వేడెక్కిన బంగాళాఖాతం ఇంకా చల్లారదు. సముద్రపు పైనీరు 26, 27 డిగ్రీలకు మించి వెచ్చగా ఉంటే అల్పపీడనం వాయుగుండమయ్యేందుకు కావలసిన బలం దొరుకుతుంది. పొలాల్లో సార్వా వరి ఈనిక మీదో పాలు పోసుకుంటూనో ఉంటుంది. అందుకే దసరా సెలవుల్లో ఇంటికొచ్చిన పిల్లలకు పండుగ ఏ రోజన్నది పట్టింపు, పెద్దవాళ్లకు గాలి ఎటు తిరిగిందన్నది పట్టింపు.

దసరా బందరులో డప్పు మోతగా వస్తుంది. నవరాత్రుల అలంకారాలు, కుంకుమ పూజలు అన్ని ఊళ్లలోనూ ఉన్నవే. బందరుకు ప్రత్యేకమైనవి శక్తి పటాలు. వీధి మలుపులో మొదట డప్పు వినిపిస్తుంది, దాని వెనక జనం, ఆ జనం నడుమ పటం. అమ్మవారి రూపం ఉన్న పెద్ద పటాన్ని ఎత్తుకున్న మనిషి డప్పు వరసకు తగ్గట్టు ఊగుతూ, తిరుగుతూ అడుగులు వేస్తాడు. దాని బరువు చూసేవాళ్లకు తెలియదు. కొంతసేపయ్యాక అతని మెడ నరాలు, పక్కన పట్టుకోవడానికి సిద్ధంగా నడిచే కుర్రాళ్ల చేతులు చూస్తే తెలుస్తుంది. పటం ఇంటిముందు ఆగితే ఆడవాళ్లు నీళ్లు వారపోసి, పసుపు కుంకుమలు పెట్టి, హారతిస్తారు. శక్తి పటాల మాట వచ్చినప్పుడు ముందు వినిపించే పేట పేరు ఈడేపల్లి. బెంగాలు కాళి ఆరాధన నుంచి ఈ ఆచారం వచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. సముద్రం మీద కలకత్తాతో ఈ తీరానికి ఉన్న పాత రాకపోకలు తలుచుకుంటే ఆ మాట కొట్టిపారెయ్యదగ్గది కాదు.

విజయదశమి రాత్రి పటాలన్నీ కోనేరు సెంటరుకు చేరతాయి. ఒక్కొక్క పేట నుంచి ఒక్కొక్క పటం. ఏ పేట డప్పు గట్టిగా మోగింది, ఏ పటం ఎక్కువసేపు ఆడింది అన్న పోటీ పైకి చెప్పరు గానీ అందరి మనసులోనూ ఉంటుంది. అంగళ్ల అరుగులు, మేడల పిట్టగోడలు మనుషులతో నిండిపోతాయి. అంతకుముందు సాయంత్రం జమ్మిచెట్టు దగ్గర పూజ, చీటీ మీద ఇంటిల్లిపాది పేర్లూ రాసి కొమ్మకు తగిలించడం ఎవరి వాడలో వారికి అయిపోతాయి. ఆ రాత్రి మాత్రం పేటలన్నీ ఒకే కూడలికి వస్తాయి. మళ్లీ ఊరంతా ఒక్కచోట చేరేది కార్తీక పౌర్ణమికే. అది సముద్రం ఒడ్డున.

పాతకాలపు దసరాలో బడిపంతుళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగేవారు. పిల్లల చేతుల్లో రంగు కాగితాలు అంటించిన విల్లంబులు, బాణం కొసన బుక్కాగుండ. ఇంటివాళ్లు పంతులుగారికి మామూలు, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. కోస్తా ఊళ్లన్నిటా ఉన్న ఆ అలవాటు ఇప్పుడు ముసలివాళ్ల కబుర్లలో మిగిలింది. పంతులుగారికి ఆ మామూలు లేకపోతే పండుగ గడవని రోజులవి. ఆ మాట కూడా ఆ కబుర్లలో కలిపి చెప్పుకుంటే బాగుంటుంది.

పండుగ పూట బందరు నుంచి బయటి ఊళ్లకు పోయే ప్రతి సంచిలోనూ ఒక మిఠాయి పెట్టె ఉంటుంది. బందరు లడ్డును ఎరిగినవాళ్లు తొక్కుడు లడ్డంటారు. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ బొందిలి కుటుంబాలు దీన్ని ఊరికి నేర్పాయని ప్రతీతి. మామూలు లడ్డులో బూంది బూందిగానే కనిపిస్తుంది. ఇందులో అలా కాదు. శనగపిండి కలిపి గొట్టంలో వేసి నేతిలోకి పూసగా దూస్తారు. ఉప్పూ కారమూ లేని ఆ పూసను రోట్లో పోసి రోకలితో దంచుతారు. దంచిన పిండిని జల్లెడ పట్టి, పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్లీ దంచుతారు. ఈ రెండో దంపుడులోనే దాని గుట్టంతా ఉంది. పిండి, పాకం, నెయ్యి వేరువేరుగా తెలియనంతగా కలిసేదాకా రోకలి ఆగకూడదు. యాలకుల పొడి, జీడిపప్పు, పటికబెల్లం పలుకులు చేర్చి ఉండ చుడితే వేలికి మెత్తగా తగిలి, నాలుక మీద ఇట్టే కరిగిపోతుంది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోధుమ పాలతో చేసే బందరు హల్వాకు కూడా అంత పేరుంది. రెండింట్లో ఏది గొప్పదన్న తగువు ఊళ్లో ఎప్పటికీ తేలదు.

దసరా దాటాక పౌర్ణమి, ఆ తరవాతి తదియ నాడు అట్లతద్ది. తెల్లవారకముందే ఆడపిల్లలు లేచి గోరింటాకు పండిన చేతులతో చద్దన్నం తిని, ఉయ్యాలలూగడం దాని ముచ్చట. అపార్టుమెంట్లు వచ్చాక ఉయ్యాలకు కొమ్మ దొరకడం కష్టమైంది. అట్లకు మాత్రం లోటు లేదు.

దీపావళి ఈ తీరంలో వానతో పందెం వేసే పండుగ. మతాబులు, చిచ్చుబుడ్లు, తాటాకు టపాకాయలు ఇంట్లోనే కట్టుకున్న కాలంలో వాటిని డాబా మీద ఎండబెట్టడం పెద్ద పని. మబ్బు కమ్మిందంటే చాటలతో లోపలికి, ఎండ కాసిందంటే మళ్లీ పైకి. ఇప్పుడు కొనుక్కొచ్చినవే ఎక్కువైనా ఆ ఎండబెట్టే తంతు ఇంకా పోలేదు. చీకటి పడగానే గోగుకాడలకు నూనెగుడ్డ పేలికలు చుట్టి వెలిగించి, పిల్లల చేత వాకిట్లో దివిటీలు కొట్టిస్తారు. ఆ తరవాత కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి తీపి తింటేనే టపాకాయలకు అనుమతి.

1864లో దీపావళి అమావాస్య అక్టోబరు 30న వచ్చింది. బందరును తుడిచిపెట్టిన ఉప్పెన నవంబరు 1 రాత్రి వచ్చింది. రెండు రోజుల తేడా. అమావాస్య పోట్లు ఇంకా తగ్గని రోజులవి. దాని మీద తుఫాను గాలి తోసిన నీరు. కోట ప్రాంతం, ఊరు, లోపలి పల్లెలు మునిగాయి. సుమారు 30,000 మంది చనిపోయారని ఆనాటి అంచనా. రేవుగా బందరు ప్రాభవం అప్పటికే తగ్గుతోంది, ఆ రాత్రితో అది మరి లేవలేదు. రెండేళ్లకు, 1866లో, ఊరికి మునిసిపాలిటీ ఏర్పడింది. ఈ రాష్ట్రంలోని పాత పురపాలక సంఘాల్లో ఇదొకటి.

113 ఏళ్ల తరవాత పక్కనున్న దివిసీమ వంతు. 1977 నవంబరు 19, శనివారం. దీపావళి వెళ్లి వారం దాటింది. కార్తీక శుద్ధం సగం గడిచింది. నాగాయలంక, కోడూరు వైపు పల్లెల మీదికి వచ్చిన కెరటం తాటిచెట్ల మొదళ్లను ముంచి పోయింది. అధికారిక లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు. అనధికారిక అంచనాలు ఇంకా పెద్దవి. ఆ తరవాతే తీరం పొడుగునా ఎత్తయిన స్తంభాల మీద తుఫాను రక్షణ భవనాలు లేచాయి, సరుగుడు తోటల పెంపకం పెరిగింది. మామూలు రోజుల్లో ఆ భవనాలు బడులుగానో, వలలు దాచుకునే చోట్లుగానో పనికొస్తాయి. పెద్ద తుఫాన్లు రెండూ కార్తీక శుద్ధంలోనే రావడం తిథుల మహిమ కాదు, సముద్రపు వేడిమి లెక్క. అయినా ఈ తీరంలో ముసలివాళ్లు దీపావళి మర్నాటి ఆకాశాన్ని మిగతా రోజులకంటే కాస్త ఎక్కువసేపు చూస్తారు.

రేవుల్లో తుఫాను హెచ్చరికలకు ఒక భాష ఉంది. ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు. పగలు కొయ్యకు గుర్తులు, రాత్రి దీపాలు ఎక్కిస్తారు. ఒకటో నంబరంటే దూరాన ఎక్కడో గాలి తిరుగుతోందని. మూడో నంబరంటే ఆ గాలి ఈ రేవుకే తగలవచ్చని. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం. పదకొండో నంబరుకు అర్థం వేరు, హెచ్చరికలు చెప్పే కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని. మచిలీపట్నంలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. సెల్‌ఫోన్లు రాకముందు తుఫాను కబురును పల్లెలకు మోసినది ముఖ్యంగా రేడియో. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. నడిసముద్రంలో ఉన్న పడవలో చిన్న ట్రాన్సిస్టరు చమురు డబ్బా పక్కనే ఉండేది, బ్యాటరీలు తడవకుండా ప్లాస్టిక్ కవరు చుట్టుకుని.

గిలకలదిండి హార్బరులో శరత్తు లెక్క వేరే ఉంటుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. తరవాత వానల నెలలు గడిచి, దసరా నాటికి వేట ఊపందుకుంటుంది. కానగంతలు, కవ్వాళ్లు, వంజరం, చందువా, రొయ్య, పీత. సరిగ్గా అప్పుడే వాయుగుండాలు మొదలవుతాయి. మూడో నంబరు ఎక్కిందంటే పడవలన్నీ వరసగా కాలువలో కట్టేసి ఉంటాయి. వలలు బాగుచేసుకుంటూ, డీజిలు అప్పు లెక్కేసుకుంటూ రోజులు గడపాలి. వెళ్లగలిగిన రోజుల్లో చేప దండిగా పడితే ఇంకో చిక్కు. కార్తీకం వచ్చేస్తుంది. ఊళ్లో సగం ఇళ్లు నీచు మానేస్తాయి. సముద్రం బాగా ఇచ్చే నెలలో ఊరు ఉపవాసముంటుంది. స్థానిక బజారులో ధర పడిపోతుంది. ఎగుమతి రొయ్యకు ఆ బాధ లేదు గానీ, తట్టలో చేప పెట్టుకుని వీధులు తిరిగి అమ్ముకునే ఆడవాళ్లకు ఉంది. ఎండబెట్టి దాచుకుందామంటే ముసురు. కార్తీక పుణ్యం ఖర్చు ఎవరు భరిస్తున్నారో పురాణ శ్రవణాల్లో చెప్పరు.

కార్తీకం మొదటి రోజు నుంచీ గుళ్లలో ఆకాశదీపం ఎక్కుతుంది. చిల్లుల చిన్న పాత్రలో ప్రమిద పెట్టి, తాడుతో ధ్వజస్తంభం పైకి లాగుతారు. గాలికి ఆరకుండా నిలపడం ఒక నేర్పు. అదే నెలలో, అదే ఊళ్లో, గాలి మారితే రేవు కొయ్య మీదికి ఇంకో దీపం ఎక్కుతుంది. మొదటిది పితృదేవతలకు దారి చూపడానికంటారు. రెండోది పడవలకు.

బందరుకు దగ్గర్లో స్నానానికి నది లేదు. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది గానీ అక్కడి తీర్థం మాఘ పౌర్ణమిది. కార్తీక స్నానాలు కాలువల్లో, కోనేళ్లలో, ఎక్కువమందికి ఇంటి నూతి దగ్గరే. సోమవారాల ఉపవాసాలు, నాగుల చవితికి పుట్టలో పాలు, చిమ్మిలి. తరవాత ఏకాదశి. అప్పుడు ఊరి చూపంతా చిలకలపూడి మీదికి మళ్లుతుంది.

చిలకలపూడి పాండురంగస్వామి గుడి 1929 కార్తీకంలో వెలిసింది. కట్టించినవారు భక్త నరసింహంగారు. చిలుకకు సంస్కృతంలో కీరమని పేరు గనక దీన్ని కీర పండరిపురం అని కూడా అంటారు. మహారాష్ట్రలోని పండరిపురంలో లాగే ఇక్కడా భక్తులు స్వామి పాదాలను స్వయంగా తాకి మొక్కుకోవచ్చు. ఆంధ్ర తీరపు గుళ్లలో ఇది అరుదైన సంగతి. పుణె నుంచి షోలాపూరు, హైదరాబాదు, విజయవాడల మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి బందరులో ముగుస్తుంది. పండరిపురం షోలాపూరు జిల్లాలోనే ఉంది. విఠలుడు ఆ దారినే నడిచి వచ్చాడని ఎవరూ అనరు గానీ, వచ్చి ఉంటే మలుపు తప్పేది కాదు.

ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా చిలకలపూడి తిరునాళ్ల. రైలు స్టేషను పేరు కూడా చిలకలపూడే కనక దిగినవాళ్లు దారి అడగనక్కర్లేదు. గుడి దాకా రెండు పక్కలా గాజులు, బొమ్మలు, జీళ్లు, ఖర్జూరాలు. గాజుల కొట్టు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలకు పేరుపడ్డ చోటు. రాగి, ఇత్తడి మీద బంగారు పూత పెట్టి గొలుసులు, గాజులు చేసే పని ఇక్కడ ఇంటింటి పరిశ్రమ. కొన్ని ఇళ్లలో గొలుసు ముక్కలు అతికే పని ఆడవాళ్లది. ఒళ్లో పళ్లెం, చేతిలో పట్టకారు, ఎదురుగా టీవీ. తెలుగు నాట పెళ్లిళ్లలో మెరిసే నగల్లో ఎన్ని ఇక్కడివో పెళ్లివాళ్లే చెప్పాలి.

పెడనలో ఈ నెలలు ఎండ కోసం ఎదురుచూపు. బందరు కలంకారీగా లోకానికి తెలిసిన అచ్చు గుడ్డ ఇప్పుడు ఎక్కువగా తయారయ్యేది బందరుకు ఆనుకుని ఉన్న పెడనలోనే. గుడ్డను కరక్కాయ రసంలో నానబెట్టి ఆరేస్తారు. టేకు దిమ్మ మీద చెక్కిన అచ్చును రంగులో ముంచి, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు. మళ్లీ ముంచి, పక్కనే ఇంకో గుద్దు. తీగ ఎక్కడ ఆగి ఎక్కడ అందుకుందో గుడ్డ మీద తెలియకూడదు. నలుపు రంగు తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్ల నుంచి వస్తుంది. ఎరుపుకు పటిక కావాలి. తరవాత పారే నీళ్లలో ఉతకాలి, ఎండలో ఆరాలి, రంగునీళ్లలో ఉడకాలి, మళ్లీ ఉతకాలి. కాలువలో నీరు నిండుగా ఉండే కాలం, ఎండ ఉండే కాలం ఒకేసారి కలవడం శరత్తులో అదృష్టం. ముసురు పడితే పని ఎక్కడిదక్కడే ఆగుతుంది, కూలి కూడా.

కార్తీకపు ఆదివారాలు వనభోజనాలవి. ఉసిరిచెట్టు కింద తినాలన్నది నియమం. తీరంలో ఎక్కువగా దొరికేది సరుగుడు నీడ కనక ఉసిరి కొమ్మ ఒకటి తెచ్చి పక్కన పాతుకుని పని కానిస్తారు. పులిహోర, పెరుగావడలు, ఆటలు, పిల్లల పాటలు. ఒకప్పుడు వీధి వీధంతా, ఆఫీసు ఆఫీసంతా కలిసి వెళ్లేవారు. కొన్ని దశాబ్దాలుగా ఇవి కులసంఘాల సమావేశాలుగా మారిపోయాయి. ఏ తోటలో ఎవరి భోజనమో ఫ్లెక్సీ చూసి తెలుసుకోవాలి. ఒక చెట్టు కింద అందరూ తినాలన్న ఆచారం, ఎవరి చెట్టు కింద వాళ్లు తినే ఆచారమైంది. పండుగల్లో వచ్చిన మార్పులన్నిటిలోకీ ఇది ఊరికి ఎక్కువ నష్టం చేసిన మార్పు.

ఇవే రోజుల్లో ఊళ్లో ఇంకొన్ని తేదీలున్నాయి. నవంబరు 2 ఆత్మల పండుగ. క్రైస్తవ కుటుంబాలు సమాధులు కడిగి, సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తాయి. 1843లో రాబర్ట్ నోబుల్ బడి పెట్టిన ఊరు ఇది. అది పెరిగి నోబుల్ కళాశాల అయింది. బందరుకోటలో డచ్చివాళ్ల సమాధులున్నాయి. చెక్కిన రాళ్ల మీద పేర్లు నిలిచాయి గానీ కొవ్వొత్తి పెట్టడానికి వాళ్ల తాలూకు మనుషులెవరూ లేరు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, వ్యాసరచన పోటీలు, బహుమతులుగా పుస్తకాలు.

పౌర్ణమి నాడు ఊరు సముద్రానికి నడుస్తుంది. సముద్రాన్ని పర్వదినాల్లో తప్ప తాకకూడదని పెద్దల మాట. తతిమ్మా రోజుల్లో ఎడంగా ఉండే ఊరు ఆ మాటను పట్టుకుని ఒక్క రోజు పూర్తిగా అటు తిరుగుతుంది. తెల్లవారుజామున మూడింటికే బందరు నుంచి మంగినపూడికి ప్రత్యేక బస్సులు. గుడివాడ, విజయవాడ, ఇంకా లోపలి ఊళ్ల నుంచి ట్రాక్టర్లు, ఆటోలు. ఒడ్డున చలిలో వణుకుతూ ఆడవాళ్లు ఇసుక, మట్టి కలిపి చిన్న గౌరమ్మను చేస్తారు. పసుపు కుంకుమ, ఒక పువ్వు, అరటిదొప్పలో ఒత్తి. వెలిగించిన దొప్పను అలకు వదిలితే అది వెంటనే తిరిగొస్తుంది. మూడుసార్లు వదిలితే రెండుసార్లు తిరిగొస్తుంది. నదిలో దీపం సాగిపోతుంది, సముద్రంలో పోట్లాడాలి. చివరికి మోకాలి లోతు దాకా నడిచి, అల వెనక్కి లాగేటప్పుడు చూసి వదలడం అలవాటైనవాళ్ల పద్ధతి.

నీళ్లు లోతు లేవన్న ధైర్యం మంచిదే గానీ అడుగు మట్టిది, గుంటలుంటాయి. అందుకే పోలీసులు వెదుళ్లు పాతి తాళ్లు కడతారు, గజ ఈతగాళ్లు పడవల్లో తిరుగుతారు. 2004 డిసెంబరు 26న వచ్చింది కూడా పౌర్ణమే, ఆదివారం. పొద్దున స్నానాలకు దిగినవాళ్ల మీదికి సునామీ వచ్చింది. ఈ ఒడ్డున కూడా ప్రాణాలు పోయాయి. ఆ తరవాత పౌర్ణమికి జనం తగ్గలేదు, మైకులో హెచ్చరికలు పెరిగాయి.

స్నానమయ్యాక దత్తాశ్రమం దర్శనం, లైటుహౌసు నీడలో టిఫిను పొట్లాలు. పదింటికల్లా ఎండ ఎక్కి జనం పల్చబడతారు. ఒడ్డంతా అరటిదొప్పలు, ఆరిన ఒత్తులు, ప్లాస్టిక్ కవర్లు. దొప్పలు నాలుగు పోట్లకు మట్టిలో కలుస్తాయి. కవర్లను పారిశుద్ధ్య పనివాళ్లు ఏరాలి, ఏరనివి వలల్లో పడతాయి.

పౌర్ణమి తరవాత పక్షం రోజులకు అమావాస్య, ఆ మర్నాడు పోలి పాడ్యమి. ఈసారి సముద్రం దాకా పోరు. తెల్లవారకముందే కాలువ గట్లకు, కోనేటి మెట్లకు, ఏదీ లేనివాళ్లు పెరట్లో నీళ్ల పళ్లేనికి చేరి నెల దీపాలన్నిటికీ బదులుగా ముప్పై ఒత్తులు ఒకేసారి వెలిగించి నీళ్లలో వదులుతారు. ఆకాశదీపం తాడు దించుతారు. కార్తీకం అయిపోతుంది, దానితో శరత్తూ. తుఫాన్ల కాలానికి ఇంకా డిసెంబరు మిగిలే ఉంటుంది. ఆ పొద్దున గిలకలదిండికి చేరిన చేప, ముందురోజు ధరకు దొరకదు.